నాలుగు వందల పదిహేడో నంబరు రాయి

ఆ మంగళవారం పొద్దున రెండు పోయాయి. ఒకటి, దుబాయ్ నుంచి అల్ ఐన్ వెళ్ళే దారిలో పెద్ద రోడ్డు వదిలి ఇసుకలోకి మళ్ళితే వచ్చే నాగేంద్రబాబుగారి స్థలంలో, నాలుగు వందల పదిహేడో నంబరు రాయి. రెండోది, జగిత్యాల దగ్గర ఒక పల్లెలో, లక్ష్మవ్వ. రాయి పోయినందుకు నలుగురు సభ్యులతో సంఘం వేశారు. పదకొండు పేజీల నివేదిక తయారైంది. ఫ్రాన్సుకు మూడు ఈమెయిళ్ళు వెళ్ళాయి. లక్ష్మవ్వకు నంబరు లేదు కనుక అటువంటి శ్రమ ఎవరికీ కలగలేదు. ఆమె భర్త పోశయ్యకు ఊరి నుంచి ఒక ఫోను వచ్చింది, అంతే.

పోశయ్య ఆ స్థలంలో రాతిపని మేస్త్రీ. సోనాపూర్ కూలీల క్యాంపు నుంచి రోజూ తెల్లవారకముందే బస్సులో వచ్చి, నాలుగు వందల ఏళ్ళనాటి ఫ్రెంచి నీటిమరను ఎడారిలో నిలబెడుతున్నాడు.

ఇందులో వింతేమీ లేదు. అయినా నాగేంద్రబాబుగారి గురించి తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. ఆయన గోదావరి కాలువ గట్టున పుట్టి, పద్దెనిమిదేళ్ళు ఆ నీళ్ళలోనే ఈది, ఆ నీళ్ళంటే మొహం మొత్తి దుబాయ్ వచ్చిన మనిషి. ఇక్కడ అద్దాల తలుపులు చేసే కంపెనీ పెట్టి స్థిరపడ్డారు. కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చుని ఫోను చూస్తుంటే, ఫ్రాన్సు పల్లెల్లో పాత నీటిమరలు కొనుక్కుని వాటినే ఇళ్ళుగా మార్చుకున్న పెద్దమనుషుల ఫోటోలు ఆయన కంటబడ్డాయి. రాతి గోడలు, పెద్ద చెక్క చక్రం, కిటికీలో పూలు. ఒక ఫోటోలో తెల్లగడ్డం పెద్దమనిషి కాఫీ కప్పు పట్టుకుని ఏటివంక ఊరికే చూస్తున్నాడు. చిన్నప్పుడు నాగేంద్రబాబుగారు కాలువవంక అలాగే ఊరికే చూస్తుంటే వాళ్ళ నాన్న వీపు మీద రెండు వేసేవాడు. అందుచేత ఆ ఫోటో ఆయన మనసులో బలంగా నాటుకుంది.

విమానాలు తిరగడం మొదలుకాగానే వెళ్ళి ఒక మరను కొన్నారు. కుటుంబంతో నాలుగు రోజులు ఉండి చూశారు. ఊళ్ళో మనుషులు కనబడలేదు. చింతపండు దొరకలేదు. ఏరు రాత్రంతా చప్పుడు చేయడంతో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. అయినా ఇల్లు మాత్రం అద్భుతంగా ఉంది. దానిలో ఉన్న లోపమల్లా అది ఫ్రాన్సులో ఉండడమే. ఆ లోపాన్ని సరిదిద్దాలని ఆయన అక్కడే నిశ్చయించారు.

మరను రాయికి రాయిగా విప్పారు. ఒక్కొక్క రాయికీ నంబరు కాగితం అంటించారు. మొత్తం ఆరు వందల పన్నెండు రాళ్ళు పద్నాలుగు కంటైనర్లలో సముద్రం దాటి వచ్చాయి. వాటిని సంప్రదాయబద్ధంగా పేర్చే బాధ్యత అనీష్ అనే వారసత్వ సలహాదారు తీసుకున్నారు. అనీష్‌గారిది విశాఖపట్నం. లాక్‌డౌన్‌లో మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చదివి ఆ రంగంలో నిష్ణాతులయ్యారు. అంతకుముందు ఈవెంట్లకు పూలు కట్టించేవారు.

పని శాస్త్రోక్తంగా సాగింది. ఏరు లేదు కనుక ఏటిని ట్యాంకర్లలో తెప్పించారు. నీళ్ళు చక్రాన్ని తిప్పుతాయన్నది పాత నమ్మకం. ఇక్కడ మోటారు చక్రాన్ని తిప్పుతుంది, చక్రం నీళ్ళను తిప్పుతుంది. ట్యాంకరు నీళ్ళు గలగలమనవు కాబట్టి, ఎవరినీ నిద్రపోనివ్వని ఆ ఫ్రెంచి ఏటి చప్పుడునే రికార్డు చేసి తెచ్చి పొదల్లో స్పీకర్లు పెట్టారు. ఆ చప్పుడులో ఎక్కడో ఒక ఆవు కూడా ఉంది. ప్రతి పదకొండు నిమిషాలకు ఒకసారి అరుస్తుంది. లోపల కట్టెల పొయ్యి వెలిగిస్తారు, ఆ వేడికి తట్టుకోవడానికి ఏసీ పదహారు మీద పెడతారు, ఆ చలికి తట్టుకోవడానికి శాలువాలు ఇస్తారు.

ఇక పాచి సంగతి. ఫ్రాన్సులో ఆ రాళ్ళ మీద వందల ఏళ్ళ పాచి ఉండేది. ఓడరేవులో రాళ్ళను మందునీళ్ళతో కడగడంతో పాచి పోయింది, కొన్ని రాళ్ళకు నంబరు కాగితాలూ పోయాయి. కాగితాలు మళ్ళీ రాయించుకోవచ్చు గానీ పాచి లేని పాతదనం ఎవరు ఒప్పుకుంటారు? పెరుగు, పంచదార, పచ్చరంగు కలిపి గోడలకు పూసి పాచి పెంచడం మొదలుపెట్టారు. దానికి పూటపూటా నీళ్ళు చల్లే ఉద్యోగం కామారెడ్డి దిక్కు నుంచి వచ్చిన అంజికి దొరికింది. ముప్పై దాటిన మనిషి, అబూదాబి ఐకాడ్ కార్ఖానాల్లో ఇనుప పనిచేసి వచ్చినవాడు. మెడలో వేలాడే కార్డు మీద అతని హోదా ‘పాచి పర్యవేక్షకుడు’ అని రాసి ఉంది.

"మామా, ఊర్ల బావికాడ పాచి గోకుతె మా అమ్మ శాబాసనేది," అనేవాడు అంజి పోశయ్యతో. "ఈడ నిన్న జర ఎండిందని నాకు మెమో ఇచ్చిండ్రు. పాచి చచ్చిందని రాసిండ్రు మామా. మనిషి చస్తె గూడ అంత మంచిగ రాయరు."

ఇప్పుడు పోయిన రాయి దగ్గరకు వద్దాం. నాలుగు వందల పదిహేను వరకు సరిగ్గా ఉంది. నాలుగు వందల పదహారు మర కింది రాయి, అదీ ఉంది. దాని మీద తిరగవలసిన పై రాయి నాలుగు వందల పదిహేడు. అది జాబితాలో ఉంది, స్థలంలో లేదు. సంఘం వెంటనే సమావేశమైంది. కుర్చీలు రాలేదు కనుక సభ్యులు నలుగురూ పక్కనే పడి ఉన్న ఒక గుండ్రటి పెద్ద రాయి మీద ఒకరికొకరు వీపులు ఆనించుకుని కూర్చున్నారు.

పోశయ్య అప్పటికే ఫోను మాట్లాడి వచ్చాడు. ఊరి నుంచి బిడ్డ వాసంతి. పొద్దున నీళ్ళు తోడుతూ కూలబడిందట లక్ష్మవ్వ. ఆసుపత్రి దాకా వెళ్ళవలసిన పని కూడా పెట్టలేదట. ఎండలో కాసేపు నిలబడి, మొహం కడుక్కుని, సంఘంలో కూర్చున్న సైట్ ముదీర్, అంటే మేనేజరు, షాహుల్ దగ్గరకు వచ్చాడు. షాహుల్ పాతికేళ్ళుగా తెలుగువాళ్ళతో పనిచేయించి వాళ్ళ భాషను తన హిందీలో కలిపేసుకున్న మనిషి.

"సార్, మా ఇంటిది పోయింది," అన్నాడు పోశయ్య. "ఊరికి పోవాలె. మూడోనాడు పిట్టకు పెట్టేనాటికి ఎట్లాగూ అందుకోను. పదకొండొద్దుల దినాలకన్న అందుకోవాలె."

షాహుల్ లేచి నిలబడి అతని భుజం పట్టుకున్నాడు. "అరెరే పోశయ్యా భాయ్. దిల్ సే అఫ్సోస్. కానీ చూడు, ఇక్కడ కూడా ఒకటి పోయింది కదా. రాతిపని తెలిసినోడివి నువ్వొక్కడివే. రాయి దొరకనీ, ఖలాస్, సెలవు కాగితం మీద నేనే సైన్ కొడతా."

పోశయ్య అటు చూశాడు. "దొరికింది సార్. మీరు దాని మీదనే కూసున్నరు."

సంఘం లేచింది. అనీష్‌గారు రాయి చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"దీని మీద నంబరేదీ?"

"కడిగినప్పుడు ఊడినట్టున్నది సార్."

"మరి నంబరు లేకుండా ఇదే నాలుగు వందల పదిహేడని ఎలా చెప్తాం?"

"నడుమ బొక్క ఉన్నది. అడుగుకు కక్కు గంట్లున్నయి. మర రాయి గాక ఇంకేంది సార్ అది?"

అనీష్‌గారు చిరునవ్వు నవ్వారు. "మేస్త్రీగారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ అనుభవం డాక్యుమెంటు కాదు కదా."

టీ వచ్చింది. సంఘం మళ్ళీ ఆ రాయి మీదే కూర్చుని, రాయి కనబడుట లేదని తీర్మానించింది. దాని స్థానంలో అచ్చం అసలుదానిలాంటి రాయిని పోశయ్య చేత చెక్కించాలనీ, అది మర మీదికి ఎక్కిన రోజే అతనికి సెలవు ఇవ్వాలనీ అదే కాగితం మీద రాసింది. మానవతా దృక్పథం అనే మాట ఆ నివేదికలో రెండుచోట్ల ఉంది.

పోశయ్య వాదించలేదు. వాదించే సమయం లేదు. పది రోజుల్లో రాయి ఎక్కితే పదో రోజు సాయంత్రం విమానం ఎక్కవచ్చు. తెల్లవారేసరికి హైదరాబాదు, పొద్దు ఎక్కేలోగా ఊరు. లెక్క సరిపోయింది.

ఈ పని అతనికి కొత్త కాదు. తాతల నాటి నుంచి వాళ్ళ ఇంటి పని అదే. ఇసుర్రాళ్ళు, అంటే తిరగళ్ళు, అరిగి నున్నబడితే పిండి రాదు. ఉలీ సుత్తీ పట్టుకుని కేకేస్తూ ఊరూరా తిరిగి, ఆ రాళ్ళకు మళ్ళీ గరుకు గంట్లు కొట్టి, పళ్ళు మొలిపించినట్టు చేసేవాళ్ళు. దాన్నే కక్కు కొట్టడం అంటారు. మిక్సీలు వచ్చాక ఆ పిలుపు వినేవాళ్ళు లేకపోయారు. పోశయ్య దుబాయ్ వచ్చి బాత్‌రూముల్లో టైల్సు కోశాడు. లక్ష్మవ్వ మాత్రం మక్కజొన్న రవ్వతో వండే గట్కకు మిక్సీని నమ్మేది కాదు. అది రవ్వ చేయదు, బూడిద చేస్తుంది అనేది. పోశయ్య సెలవుకు వెళ్ళినప్పుడల్లా ఇంట్లో ఇసుర్రాయి చూపించేది. "పది ఊర్ల రాళ్ళకు పళ్ళు పెట్టినవ్. ఇంట్ల రాయి ముసలిదైంది, కనబడ్తలేదా?" రేపు కొడతానే అనేవాడు. రేపు ఎవరింట్లోనో పెళ్ళి ఉండేది, ఎల్లుండి బ్యాంకు పని ఉండేది, ఆ మర్నాడు సెలవు అయిపోయేది. మూడు సెలవులు అలాగే గడిచాయి.

నాలుగో రోజున వాసంతి మళ్ళీ ఫోను చేసింది.

"బాపూ, దినాలనాడు అవ్వకు గట్క పెడ్దామంటున్నరు. ఇసుర్రాయి ఇసురుత లేదు. గింజ గింజ లెక్కనే బయటికొస్తున్నది. నువ్వచ్చి కక్కు కొడ్తవా?"

"పదకొండోనాడు పొద్దుగాల ఉంట బిడ్డా. వచ్చుడు వచ్చుడే కొడ్త."

ఆ మాట మీద అతని ఉలి పరిగెత్తింది. అనీష్‌గారు ‘అచ్చం అసలుదానిలాగే’ అని చెప్పారు కనుక పోశయ్య అసలుదాన్నే ఎదురుగా పెట్టుకుని చెక్కాడు. టీ వేళల్లో సంఘాన్ని దాని మీద నుంచి లేవమని అడగవలసి వచ్చేది. పైకి గుండ్రంగా చేశాడు. అడుగున, నడిమి నుంచి అంచులకు గంట్లు తీశాడు. నడిమిలో లోతు, అంచుకు వచ్చేసరికి వెంట్రుక మందం. ఇంకోరకంగా కొట్టడం అతని చేతికి రాదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి రాయి సిద్ధమైంది. దానికి 417 అని కొత్త కాగితం అంటించారు. ఆ క్షణం నుంచి అది నాలుగు వందల ఏళ్ళ పాతదైంది.

పదో రోజు ప్రారంభోత్సవం. షాహుల్ సెలవు కాగితం మీద సంతకం పెట్టి, తేదీ ఒక్కటి వేయకుండా జేబులో ఉంచుకున్నాడు. పోశయ్య సంచి సర్దుకుని తెచ్చి అంజి దగ్గర పెట్టాడు. ఉలి, సుత్తి అందులోనే ఉన్నాయి.

అతిథులు వచ్చారు. ఏరు మాత్రం ఇసుకలో దిగబడి ఆలస్యమైంది. పదకొండు గంటలకు సగం ఏరు వచ్చింది. మిగిలిన సగం రెండో ట్రిప్పులో వచ్చింది. పాచికి మేకప్ చేశారు. ఆవు సమయానికి అరిచింది. నాగేంద్రబాబుగారు శాలువా కప్పుకుని మైకు అందుకున్నారు.

"మిత్రులారా! మనిషి ఎంత ఎదిగినా తన మూలాలను మరచిపోకూడదు. మూలాలు మరిచినవాడు వేరు లేని చెట్టు. మాది మొదటినుంచీ మిల్లుల కుటుంబం. ధాన్యం వాసనలో పుట్టాం, ధాన్యం వాసనలో పెరిగాం. ఈ మర నాకు ఇల్లు కాదు, నా రక్తం!"

ముందు వరసలో వాళ్ళమ్మ రాజ్యమ్మగారు కూర్చున్నారు. డెబ్భై ఆరేళ్ళావిడ. ఆమె పక్కావిడతో, మైకుకు అందేంత గట్టిగా, "మిల్లు మాది కాదండీ, మా ఆయన అందులో గుమాస్తా," అన్నారు. చప్పట్లు మోగాయి.

మోటారు వేశారు. చక్రం తిరిగింది. నీళ్ళు తిరిగాయి. లోపల నాలుగు వందల పదహారు మీద నాలుగు వందల పదిహేడు గిర్రున తిరిగింది. అందరూ ఫోన్లు ఎత్తారు. మర పక్కన అలంకరణ కోసం గోనెసంచిలో గోధుమలు పెట్టి, ‘తాకరాదు’ అని బోర్డు పెట్టి ఉంది. రాజ్యమ్మగారు కళ్ళజోడు తెచ్చుకోలేదు. ఆవిడ దోసెడు గోధుమలు తీసి, తిరిగే రాతి నడిమి బొక్కలో పోశారు. తిరగలి కనబడితే గింజ వేయడం తప్ప ఇంకేం చేయాలో ఆవిడకు ఎవరూ నేర్పలేదు.

మర పిండి పట్టింది.

మొదట సన్నగా, తర్వాత ధారగా పడింది. వెచ్చటి గోధుమపిండి వాసన ఏసీని దాటి గదంతా వ్యాపించింది. రాజ్యమ్మగారు చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఒరే నాగేంద్రా, ఎంత బాగా ఆడుతోందిరా ఇది! ఎవరు కొట్టారురా కక్కు?" అన్నారు. అక్కడ ఆనందించినవారు ఆవిడ, గుమ్మం బయట నిలబడిన పోశయ్య, ఇద్దరే. మిగిలినవారందరూ భయంతో వెనక్కి జరిగారు. ఒకాయన నల్లకోటు తెల్లబడింది. అనీష్‌గారి మొహం కూడా తెల్లబడింది గానీ అది పిండి వల్ల కాదు.

మోటారు ఆపించారు. అత్యవసర సమావేశం జరిగింది. ఎక్కడ కూర్చున్నారో చెప్పనక్కర్లేదు. అనీష్‌గారు పరిస్థితిని వివరించారు. పిండి పడనంతసేపు ఇది వారసత్వ గృహం. పిండి పడిన క్షణం నుంచి ఇది పిండిమిల్లు. మిల్లుకు పరిశ్రమ లైసెన్సు కావాలి, ఆహార భద్రత కాగితం కావాలి, పిండి ధూళికి అగ్నిమాపక ఏర్పాట్లు కావాలి. పైగా పని చేసే వస్తువుకు వారసత్వ విలువ తగ్గిపోతుంది. ఇంత ఘోరం ఎలా జరిగిందని అందరూ ఆలోచించారు. చివరకు పోశయ్యను పిలిచారు.

"పిండి పట్టేలా ఎందుకు కొట్టావయ్యా?"

"మర గద సార్."

"అసలుదానిలాగే ఉండాలన్నాను గానీ, అసలుదానిలా పనిచేయాలన్నానా?"

షాహుల్ తల గోక్కుని, "దేఖో భాయ్, సింపుల్. కక్కు తీసెయ్. నున్నగా చెయ్. పిండి రాకూడదు. నాలుగు రోజుల పని. యల్లా," అన్నాడు.

"సార్, రేపు పదకొండొద్దులు."

"తెలుసు భాయ్. కాగితం నా జేబులోనే ఉంది. రాయి నున్నగైన మర్నాడే తేదీ వేస్తా."

సంచి పట్టుకుని నిలబడ్డ పోశయ్యను రాజ్యమ్మగారు చూశారు. ఆవిడ చీర కొంగుకు ఇంకా పిండి ఉంది.

"ఏ ఊరు బాబూ నీది?"

"జగిత్యాల దిక్కు అమ్మా."

"చేతిలో మంచి పనుందయ్యా. మీ ఇంట్లో ఆవిడ అదృష్టవంతురాలు, తిరగలి నున్నబడే పనే ఉండదు."

పోశయ్య నేలవంక చూశాడు. "ఆమె లేదమ్మా."

"అయ్యో. ఎప్పుడు?"

"ఈ రాయి పోయిన్నాడే."

రాజ్యమ్మగారు కొడుకు వైపు తిరిగారు. "ఒరే, నీ రాయీ రప్పా తర్వాత చూసుకుందువు గాని, ముందీ మనిషిని ఇంటికి పంపించరా!"

"పంపిస్తానమ్మా, పంపకుండా ఉంటానా," అన్నారు నాగేంద్రబాబుగారు ఎంతో మెత్తగా. "నాకు మాత్రం బాధగా లేదా? నున్నగా చేసేసి వెళ్ళమను."

కక్కు కొట్టడం పోశయ్యకు తండ్రి నేర్పాడు. తీసేయడం ఎవరూ నేర్పలేదు. ఆ సాయంత్రం పోవలసిన విమానం పోయింది. మర్నాడు ఊళ్ళో దినాలు జరిగాయి. లక్ష్మవ్వకు మిక్సీ గట్క పెట్టారు. కాకులు చాలాసేపు ముట్టలేదని, తరువాత ముట్టాయని వాసంతి చెప్పింది. ఆ వేళకు పోశయ్య రాతి అడుగున తను తీసిన గంట్లను ఒక్కొక్కటే అరగదీస్తున్నాడు.

"మామా," అన్నాడు అంజి, నీళ్ళ పైపు పట్టుకుని, "కక్కు కొట్టెటోని చేత కక్కు తీపిస్తున్నరు, పాచి గోకెటోని చేత పాచి పెంచుతున్నరు. మంచిగ దొరికినం ఇద్దరం."

నాలుగు రోజులన్నది తొమ్మిది రోజులైంది. అప్పుడు షాహుల్ కాగితం తీసి, తేదీ వేయబోయి, ఆగి, న్యాయమైన మాట ఒకటి అన్నాడు. "అన్నీ అయిపోయాయి కదా భాయ్. ఇప్పుడు పోయి ఏం చేస్తావ్? యాడాది తద్దినం వస్తుంది కదా, అప్పుడు పో. ఎక్కువ రోజులు ఉండొచ్చు." అందరూ బాగుందన్నారు. కాగితం మళ్ళీ జేబులోకి వెళ్ళింది.

ఆ తరువాత మరకు ఉత్తమ వారసత్వ గృహంగా ఒక బహుమతి వచ్చింది. నున్నటి రాయి కింది రాయి మీద తిరుగుతుంటే కీచుమని చప్పుడు వస్తోంది. అది చరిత్ర చప్పుడని అనీష్‌గారు అతిథులకు చెబుతారు. వారానికి ఒకసారి గుప్పెడు గోధుమలు పోసి, పిండి రావడం లేదని పోశయ్య వేలిముద్ర వేయాలి. నంబరు లేని పాత రాయి మీద పూలకుండీ పెట్టారు. మొక్క బాగానే పెరుగుతోంది.

యాడాది దగ్గర పడ్డాక ఒక శుక్రవారం వాసంతి ఫోను చేసింది.

"బాపూ, హైదరాబాదోళ్ళు ఎవలో కారేసుకొని వచ్చిండ్రు. ఫామ్‌హౌస్ కట్టుకున్నరట. మన ఇసుర్రాయి చూసి మస్తు మెచ్చుకున్నరు. అడిగిండ్రు, ఇస్తరా అని. తోటల గడ్డి మీద పెట్టుకుంటరట."

"నువ్వేమన్నవ్?"

"మా బాపు వచ్చి కక్కు కొట్టేదున్నది, ఇయ్యనన్న. అయ్యో, కక్కు కొట్టియ్యకమ్మా, పాడైతది, గిట్ల నున్నగుంటేనే అందం అన్నడు ఆ సారు. మల్ల వస్తమని దాని మీద నంబరు కాగితం అంటించి పోయిండ్రు."

"ఎంత నంబరు?"

"ఇరవై మూడు."

అంటే అంతకుముందు ఇరవై రెండు ఇళ్ళకు ఆ కారు వెళ్ళింది. అది ఎవరిదో ఇది చదివేవారిలో ఒకరిద్దరికి తెలిసే ఉంటుంది. తెలియనివారు తమ పూలకుండీ కింద ఏముందో ఒకసారి వంగి చూసుకోవచ్చు. ఏమైనా లక్ష్మవ్వ రాయికి ఇప్పుడు నంబరు ఉంది. రేపు అది పోయినా, పోయిందని రాయడానికి వీలుంటుంది.

పోశయ్య సెలవు కాగితం మీద తేదీ ఇంకా వేయలేదు. ఇంట్లో ఇసుర్రాయికి కక్కు ఇంకా కొట్టలేదు.